దీపము కొండెక్కినది

ఉద్దానపు ఇండ్లలోనేమి, ఇతర సీమలలోనేమి, దీపమారినచో గృహిణులు ఆరినదని పలుకరు, ‘కొండెక్కిన’దందురు. కొండ యనగానే వైష్ణవునకు శేషాచలమే స్ఫురించును గదా! బియ్యమయిపోయినచో ‘నిండుకొన్నవి’, మంగళసూత్రము తెగినచో ‘పెరిగినది’. బయలుదేరువారు ‘పోయి వచ్చెద’ మందురు. ఆలంకారికులు అమంగళమును అశ్లీలదోషములలో నొకటిగా నెంచిరి. ఇల్లాలు శాస్త్రము చదువకయే ఆ దోషమును వంటయింట పరిహరించుచున్నది.

పెద్దలు తనువు చాలించినచో ‘పరమపదించినా’రనుట కేవలము మర్యాద కాదు. శరణాగతునకు మరణము అంతము కాదను సిద్ధాంతమే ఆ మాటలో నున్నది.

అయితే మంగళోక్తి రోగమును దాచరాదు. మశూచిని ‘అమ్మవా’రని పూజించిన జనులే టీకాలు వేయించుకొనిరి, 1980లో ఆ వ్యాధి ప్రపంచమున నిర్మూలనమైనదని ప్రకటింపబడినది. ఉద్దానమున మూత్రపిండవ్యాధి దశాబ్దములుగా ఎన్నో కుటుంబములను బాధించుచున్నది. తొలిదశలో నొప్పి యంతగా నుండదు గనుక ‘కొంచెము నలత’ యను మాట సులభముగా వచ్చును. ఇంటివారి ధైర్యమునకు ఆ మాట చాలును. వైద్యునకు మాత్రము నలత ఎన్నాళ్లనుండియో, ఏ నొప్పిమాత్రలు మ్రింగిరో ఉన్నదున్నట్లు చెప్పి రక్తపరీక్ష చేయించుకొనవలెను.