హిరోగావా – సముద్రపుటొడ్డున నొక జపాను పట్టణము

జపాను దేశపు పెద్ద దీవియగు హొన్షూనుండి కీ యను ద్వీపకల్పము దక్షిణముగ పసిఫిక్ మహాసముద్రములోనికి చొచ్చుకొని యున్నది. దాని పడమటి యొడ్డున, వకయామా మండలములో, హిరోగావా యను చిన్న పట్టణము కలదు. హిరో పట్టణమును, రెండు పొరుగు గ్రామములను కలిపి 1955లో దీని నేర్పరచిరి. జనసంఖ్య ఏడువేలకు మించదు. పటములో వెదకినను కనబడుట కష్టమే. అయినను మనుష్యులకును సముద్రమునకును గల సంబంధమును బోధించుటకు ఇంత తగిన యూరు మఱొకటి మాకు తోచలేదు.

కొండలు సముద్రమునకు చేరువగ నున్నందున ఇచ్చట మాగాణి స్వల్పము. కావున జనులు కొండవాలులను మెట్లుగ తీర్చి, రాళ్లతో గట్లు పేర్చి, మికాన్ అను కమలాపండ్ల తోటలు వేసికొనిరి. ఈ ఆరిదా ప్రాంతపు పండ్లకు జపానులో నెల్లెడల పేరు కలదు. బెస్తవారు శిరాసు అను చిఱుచేపలను పట్టి, ఉడికించి, ఎండబెట్టుదురు. పొరుగుననే యున్న యుఆసా పట్టణము సోయా సాసునకు పుట్టినిల్లని ప్రసిద్ధి. సోయా గింజలను ఉడికించి, వేయించిన గోధుమలతో కలిపి, ప్రత్యేకమగు బూజు పట్టించి, ఉప్పునీటితో పెద్ద కొయ్య పీపాలలో ఏడాదియో అంతకు మించియో పులియబెట్టి పిండిన నల్లని రసమే యది. మనకు చింతపండు ఎట్లో వారికిది అట్లు. లేనిదే వంట లేదు.

హిరో గ్రామస్థులగు హమగుచీ కుటుంబమువారు 1645లో దూరమున తూర్పుతీరమునగల చోషీ రేవునకు పోయి ఈ పరిశ్రమను స్థాపించిరి. వ్యాపారము అచ్చట, ఇల్లు ఇచ్చట. రెండువందల యేండ్ల పిమ్మట ఆ ధనమే స్వగ్రామమును నిలిపినది.

ఊరి యెదుట సముద్రము పడమటికి నోరు తెఱచిన అఖాతముగ నున్నది. నోరు వెడల్పు, లోపల ఇఱుకు. దక్షిణమున సముద్రగర్భములో భూమిపెంకు ఫలకమొకటి జపాను క్రిందికి మెల్లగ దూరుచుండును. ఇంచుమించు నూఱు, నూటయేబది సంవత్సరముల కొకమారు ఆ బిగువు తెగి భూకంపమును, దానివెంట సునామీయు వచ్చును. మన బందరు 1864లోను, దివిసీమ 1977లోను చవిచూచిన ఉప్పెన తుపానుగాలి త్రోసికొనివచ్చిన నీరు. దానికి ముందు ఆకాశము హెచ్చరించును. సునామీకి గాలితో పనిలేదు. అడుగునుండి పైవఱకు నీరంతయు కదలి, అఖాతములో దూరి, దారి ఇఱుకైన కొలది ఎత్తగును. 2004 డిసెంబరు 26న మన తీరమును తాకినదియు ఈ జాతిదే.

1854 డిసెంబరు 23న హిరోలో భూమి కంపించెను. జనులు గుట్టనున్న హచిమాన్ దేవాలయముకడ రాత్రి గడిపి మఱునాడు దిగివచ్చిరి. ఆ మధ్యాహ్నము బావులలో నీరు వింతగ తగ్గినదని కొందఱు వచ్చి హమగుచీ గోర్యోతో చెప్పిరి. ఆయనకు అప్పటికి ముప్పదినాలుగేండ్లు. సాయంకాలము నాలుగు గంటల వేళ మునుపటికంటె ఘోరముగ భూమి యదరెను. పిమ్మట సముద్రము ఊరిమీద పడెను. గోర్యోయు నీటిలో చిక్కి ఎట్లో గట్టెక్కెను. చీకటి పడెను. దారి తెలియక ఎందఱో నీటిలోను శిథిలములలోను తడుముకొనుచుండిరి. అంతట ఆయన దారిప్రక్క పొలములలోని వరిగడ్డి కుప్పలు పదింటికిపైగా అంటింపించెను. ఆ వెలుగును పట్టుకొని జనులు గుట్ట చేరిరి. అటుపిమ్మట వచ్చిన అలయే అన్నిటికంటె పెద్దది. అది మండుచున్న కుప్పలను సైతము తుడిచిపెట్టెను. పదమూడువందలకు మించిన జనులలో సుమారు ముప్పదిమంది మరణించిరి.

లఫ్కాడియో హెర్న్ అను రచయిత 1897లో దీనిని కథగ వ్రాసెను. అందు నాయకుడు కొండమీది ముసలివాడు. సముద్రము వెనుకకు పోవుట చూచి తన పంటనంతయు తగులబెట్టి, మంటలార్ప పరుగెత్తివచ్చిన జనులను కాపాడును. దాని ననుసరించి ఆ ప్రాంతపు ఉపాధ్యాయుడగు నకాయి త్సునెజో వ్రాసిన పాఠమును 1937 నుండి 1947 వఱకు జపాను బడిపిల్లలు చదివిరి. సాటి యుపాధ్యాయుని రచన పాఠ్యపుస్తకమున కెక్కుట మాకు సంతోషమే. అయినను నిజము కథకంటె పెద్దదని మా యభిప్రాయము. కథ ఆ మంటలతో ముగియును. గోర్యో అసలు పని మఱునాడు మొదలైనది.

ఇండ్లు, పడవలు, వలలు పోయినవి. జనులు ఊరు విడువ సిద్ధపడిరి. ఆయన తన పూచీపై బియ్యము తెప్పించెను, నిలువ నీడలేనివారికి ఇండ్లు కట్టించెను. 1855 ఫిబ్రవరిలో సముద్రపుటొడ్డున మట్టికట్ట ప్రారంభించెను. స్త్రీలకు, వృద్ధులకు, పిల్లలకు సైతము చేయదగిన పని చూపి, ఏనాటి కూలి ఆనాడే చెల్లించెను. కూలి దొరకినందున జనులు నిలిచిరి; జనులు నిలిచినందున కట్ట లేచెను. 1858లో ముగిసిన ఆ కట్ట పొడవు సుమారు 600 మీటర్లు, ఎత్తు 5 మీటర్లు, అడుగున వెడల్పు 20 మీటర్లు. దానికి 56,736 దినకూలీలు పట్టెను. వ్యయము ఆయనది. సముద్రమువైపు అల వేగమును తగ్గించుటకు పైన్ చెట్లను, ఊరివైపు హజె చెట్లను నాటించెను. హజె కాయల మైనముతో కొవ్వొత్తులు చేయుదురు. ఆ రాబడి కట్ట మరమ్మతున కుపయోగపడును. వర్తకుని లెక్క యిట్టిది!

జనులు ఆయనకు గుడి కట్టదలచిరి. ఆయన గట్టిగ వారించి మాన్పించెను. క్రైస్తవులమగు మాకు ఆయన చరిత్రలో ఈ విషయము మిక్కిలి ప్రియమైనది. 1885లో విదేశయాత్రలో నుండగా ఆయన న్యూయార్కులో మరణించెను.

1946 డిసెంబరు 21 వేకువను సముద్రము మరల వచ్చెను. కట్ట వెనుకనున్న పాతయూరు చాలవఱకు దక్కెను. కాని నడుమ తొంబదియేండ్లలో ఊరు పెరిగి, కట్ట ఆవరింపని పల్లపు నేలకు ప్రాకియుండెను. నీరు అటు ప్రవేశించెను, ఇరువదియిద్దఱు మరణించిరి. గోర్యో కట్టినది తన కాలపు ఊరికి. ఆ గీత దాటి ఇల్లు కట్టునపుడు కొలిచి చూడవలసినవారు తరువాతివారు. విద్యార్థులు మంటల కథతోపాటు ఈ సంఖ్యను కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

నేడు యాత్రికులు ఆ కట్టపై నడచి, దాని ముందున్న మఱింత ప్రాచీనమగు రాతిగోడను చూచి, గోర్యో పేర 2007లో తెఱచిన ప్రదర్శనశాలకు పోవుదురు. ఐక్యరాజ్యసమితి 2015లో నవంబరు 5వ తేదిని ప్రపంచ సునామీ అవగాహన దినముగ నిర్ణయించినది ఈ యూరి చరిత్రనుబట్టియే. ఆ ప్రళయము పాత జపాను పంచాంగము ప్రకారము పదునొకండవ నెల అయిదవనాడు వచ్చెను. అంతకు చాల ముందుగనే, 1903 నుండి, ఊరివారు ఏటేట ఒక ఉత్సవము జరుపుచున్నారు. ఆనాడు బడిపిల్లలు మట్టి మోసికొనివచ్చి కట్టమీద పోయుదురు.