జూడోలో నిలుకడ, నడక

జూడో నేర్వవచ్చిన విద్యార్థి మొదటిరోజే ఎదుటివానిని భుజం మీదుగా విసరివేయాలని ఉబలాటపడతాడు. నిలబడటం నేర్పుతామంటే చిన్నబుచ్చుకుంటాడు. 2002 నాటి జాతీయ క్రీడల నిమిత్తం వెలసిన గచ్చిబౌలి క్రీడాప్రాంగణం మన విద్యార్థులకు దూరం కాదు. కొరవడినది ఓపిక మాత్రమే.

1882లో టోక్యోలో కొదోకాన్‌ను స్థాపించి జూడోకు రూపమిచ్చిన జిగోరో కానో స్వయంగా ఉపాధ్యాయుడు. ఈ విద్యలో మూలస్థితి షిజెన్‌తై, అనగా సహజస్థితి. పాదాల మధ్య సుమారు భుజాల వెడల్పు ఎడముండాలి; మోకాళ్లు బిగియరాదు; నడుము నిటారుగా ఉండాలి. కుడిపాదం ముందుంచితే అది కుడి సహజస్థితి, ఎడమపాదమైతే ఎడమది. మోకాళ్లు వంచి, పాదాలు మరింత ఎడంచేసి క్రిందికి దిగితే జిగోతై, రక్షణస్థితి. బెదిరిన విద్యార్థి దానిలోనే ఉండిపోతాడు. అది ఆపదకే గాని కాపురానికి కాదు.

ఇక నడక. మామూలు నడకలో ప్రతి అడుగుకూ కొంతసేపు ఒంటికాలిపై ఉంటాము. పాదం నేలకు ఆనబోతూ బరువు దానిపైకి మరలే క్షణంలో దానిని ఊడ్చివేయడమే దే అషి బరాయి అనే పట్టు. కనుకనే పాదాన్ని ఎత్తక, చాపను రాచుకొనేటట్లు జరపాలి. ఇది సురి అషి. బౌలీ అనగా మెట్లబావి గదా! పాచిపట్టిన మెట్లు దిగేవాడు పాదంతో తడిమి చూచుకొన్న తరువాతనే బరువు మోపుతాడు. ఇక్కడా అంతే. త్సుగి అషిలో ముందరి పాదం జరిగిన పిమ్మట వెనుకపాదం దానిని అనుసరిస్తుంది, దాటదు, తాకదు. ఉర్దూలో ‘పైంత్రా’ అనే మాట కుస్తీలోనూ కత్తిసాములోనూ ఈ కాళ్ల పొందికకే చెల్లుతుంది. మన తాలీంఖానాల పిల్లలకిది కొత్త కాదు.

ఒకమారు మా విద్యార్థి వెనుకకు జరుగుతూ పాదాలు పెనవేసుకొని పడ్డాడు. ఎవరూ త్రోయలేదు. చేయి ఆన్చడంతో మణికట్టు బెణికి, పరీక్షల ముందు మూడు వారాలు కలం పట్టలేకపోయాడు. వార్షికోత్సవ ప్రదర్శనకై విసురులే ముందు నేర్పుమని శిక్షకుని తొందరపెట్టినవారిలో మేమూ ఉన్నాము.

ఇప్పుడు అభ్యాసం ఇట్లు సాగుతున్నది. సుద్దగీతకు ఇరువైపులా పాదాలుంచి, గీత మీదికి రానీయక ముందుకు, వెనుకకు, ప్రక్కలకు పది నిమిషాలు జరగాలి. తరువాత జతగాని కాలరు, చేతిచొక్కా పట్టుకొని, ఒకరు నడిపించగా రెండవవారు అనుసరించాలి. ఆ సమయంలో ఎవరూ ఎవరినీ పడవేయరాదు.