దుఃఖమును వ్రాసి దేవుని యెదుట పెట్టుట

పాఠ్యభాగములు: కీర్తనలు 13, 88, 137, విలాపవాక్యములు 1–5
కంఠత వాక్యము: కీర్తన 62:8
ముఖ్యాంశము: దుఃఖమును దాచుకొనుటకన్న దానిని మెల్లగా, వరుసగా మాటలలో పెట్టి దేవుని యెదుట ఉంచుట మేలు.



మన సంఘములలో ఎవరి యింటనైనా మరణము సంభవించినప్పుడు మనమందరము వెళ్లుదుము, పాటలు పాడుదుము, ప్రార్థించుదుము. ఇది మంచి అలవాటు. అయితే రెండు మూడు నెలలు గడచిన తరువాత ఆ యింటివారు ఇంకను కన్నీరు విడుచుచుంటే, "ఇంకా ఏడ్పేనా? విశ్వాసము ఏమైనది?" అనుటయు మనలో కలదు. ఆ మాట విన్నవారు ఏడ్చుట మానరు, చెప్పుట మానుదురు. బైబిలులో దుఃఖపడినవారు అట్లు మౌనముగా ఉండలేదు. వారు కవిత్వము వ్రాసిరి. మనమును ఎట్లు వ్రాసికొనవచ్చునో ఈ పాఠములో నేర్చుకొందము.

1. మొర కూడ ప్రార్థనయే

13వ కీర్తనలో ఆరు వచనములే ఉన్నవి. మొదటి రెండింటిలో కీర్తనకారుడు, ఇంకెంతకాలము అని మరల మరల అడుగుచున్నాడు. తరువాతి రెండింటిలో తనకు కావలసినది కోరుచున్నాడు. చివరి రెండింటిలో దేవుని కృపను నమ్ముకొనుచున్నాడు. మొర, మనవి, నమ్మిక: ఇది దాని క్రమము.

అయితే ప్రతి కీర్తన అట్లు ముగియదు. 88వ కీర్తన చీకటిలోనే ముగియుచున్నది. అయినను అది పరిశుద్ధ గ్రంథములో నిలిచియున్నది. కనుక సంతోషపు మాట రాకముందే వ్రాత ఆగిపోయినను అది ప్రార్థనయే.

137వ కీర్తన స్వదేశము విడిచినవారిది. మనము చెరపట్టబడి వచ్చినవారము కాము. మన తాత ముత్తాతలు పని కొరకు, పంట కొరకు వచ్చి స్థిరపడిరి. అయినను ఆ కీర్తనలోని ఒక సంగతి మనకు తెలియును. పరదేశములో ఎట్లు పాడుదుమని వారనిరి. పాడలేమని చెప్పిన ఆ మాటే పాటయైనది!

2. వరుస వలన మేలు

క్రీ.పూ. 586లో బబులోనువారు యెరూషలేమును నాశనము చేసిరి. ఆ శోకమే విలాపవాక్యముల గ్రంథము. హెబ్రీ భాషలో అక్షరములు 22. ఈ గ్రంథములో 1, 2, 4 అధ్యాయములకు 22 వచనములు చొప్పున ఉన్నవి. ఒక్కొక్క వచనము ఒక్కొక్క అక్షరముతో మొదలగును. మూడవ అధ్యాయములో అక్షరమునకు మూడేసి చొప్పున 66 వచనములు. ఐదవ అధ్యాయములో 22 వచనములున్నను అక్షరక్రమము లేదు. తర్జుమాలో ఈ వరుస మనకు కనబడదు.

ఇంత కష్టములో అక్షరముల లెక్క ఎందుకని అడుగవచ్చును. దుఃఖములో తలంపులు చిక్కుపడిన నూలువలె ఉండును, ఎక్కడ మొదలో తెలియదు. అక్షరక్రమము ఒక మొదలు చూపును, ఒక చివర కూడ చూపును. ప్రతి అక్షరము వద్ద నిలిచి, మెల్లగా సరియైన మాట వెదకవలసియుండును. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పాట పైన రాగము, తాళము అచ్చువేసియుండుట ఎరుగుదుము గదా. ఏడ్చుచు పాడువానిని తాళము పట్టి నడిపించును. అయితే ఐదవ అధ్యాయము చూపునట్లు, వరుస సహాయమే గాని సంకెల కాదు.

3. దగ్గరనున్న దానిని చూచుట

అడవిపువ్వులను గమనించుడని ప్రభువు బోధించెను (మత్తయి 6:28). ఇంగ్లండు దేశపు కవి విలియం కౌపర్ (1731–1800) ఆరేండ్లు నిండకముందే తల్లిని పోగొట్టుకొనెను; పెద్దవాడైన పిమ్మట తీవ్రమైన మనోవ్యాధితో బాధపడెను. జాన్ న్యూటన్‌తో కలిసి ఆయన వ్రాసిన ఓల్నీ కీర్తనలు 1779లో వెలువడెను. తరువాత ఒక స్నేహితురాలు, మీ గదిలోని సోఫాను గురించి వ్రాయుమని ఆయనకు చెప్పెను. అట్లు మొదలైన కావ్యము తోటలను, పొలములను, శీతకాలపు సాయంకాలములను వర్ణించుచు ఆరు భాగములై 1785లో అచ్చయ్యెను. దగ్గరనున్న ఒక్క వస్తువును నిదానముగా చూచుట ఆయన మనస్సుకు ఒక ఆధారమయ్యెను. అయితే ఆయన వ్యాధి పూర్తిగా పోలేదు. వ్రాతతోపాటు ఆయనకు ఆదరించు స్నేహితులును కావలసివచ్చిరి.

1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అనువారు ఒక పరిశోధన ప్రచురించిరి. విద్యార్థులు వరుసగా నాలుగు దినములు, దినమునకు 15 నిమిషములు తమకు కలిగిన పెద్ద బాధను వ్రాసిరి. జరిగినదియు, దానివలన తమకు కలిగిన వేదనయు కలిపి వ్రాసినవారు వ్రాసిన వెంటనే మరింత కలత చెందిరి. కాని తరువాతి నెలలలో వైద్యశాలకు తక్కువగా వెళ్లిరి. అది కవిత్వము కాదు, సాధారణ వ్రాత. తరువాతి పరిశోధనలలో మేలు అందరికి ఒకే రీతిగా కనబడలేదు. కనుక దీనిని మంత్రముగా ఎంచరాదు, సాధనగా ఎంచవలెను.

4. ఎట్లు వ్రాయవలెను?

అ) నిశ్శబ్దముగా కూర్చుండి, ఒక్క వస్తువును ఎన్నుకొనుడి: పోయినవారి కళ్లజోడు, టిఫిన్ క్యారియర్, బైబిలులో వారు గీసిన గీత. కనబడినది కనబడినట్లు వ్రాయుడి.

ఆ) తరువాత దేవునితో నేరుగా మాటలాడుడి. కోపమున్నను దాచవద్దు.

ఇ) ఎక్కడ మొదలుపెట్టవలెనో తోచనియెడల అ, ఆ, ఇ, ఈ అక్షరములతో ఒక్కొక్క పంక్తి వ్రాయుడి. ఛందస్సు రాకపోయినను ఫరవాలేదు.

ఈ) నమ్మిక మాట వచ్చినయెడల వ్రాయుడి, రానియెడల బలవంతము చేయవద్దు.

మన పిల్లలలో అనేకులు కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ బడులలో చదివి, తెలుగు మాటలాడుదురు గాని వ్రాయలేరు. వారు తెలుగు మాటలను తమకు వచ్చిన లిపిలో వ్రాసికొనవచ్చును. చదువురాని అవ్వ చెప్పగా మనుమరాలు వ్రాయవచ్చును. మనుమరాలికి ఆ అవ్వ మనస్సు తెలియుటకు ఇదియొక మార్గము.

5. జాగ్రత్తలు

ఒకరు వ్రాసినదానిని వారి అనుమతి లేక సంఘములో చదువరాదు. తప్పులు దిద్దరాదు. వ్రాయుటవలన భారము పెరుగుచుంటే ఆపి, నమ్మకమైన వారితో మాటలాడవలెను. నిద్రాహారములు మానినవారికి, చావు తలంపులు గలవారికి కాగితము, కలము చాలవు. వారిని ఒంటరిగా విడువక డాక్టరు వద్దకు తీసికొని వెళ్లవలెను. ప్రభుత్వపు టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితముగా దొరకును. వైద్యుని సహాయము కోరుట అవిశ్వాసము కాదు.

చర్చించుటకు ప్రశ్నలు

1. 88వ కీర్తన బైబిలులో లేకపోయినయెడల దుఃఖపడువారికి ఏమి నష్టము కలుగును?
2. మన సంఘములో చెప్పుట మానివేసినవారు ఎవరైనా ఉన్నారా? వారి మాట వినుటకు ఈ వారము ఎవరు వెళ్లుదురు?
3. ఇంటివద్ద: ఒక్క వస్తువును గురించి ఐదు పంక్తులు వ్రాయుడి. ఎవరికిని చూపనక్కరలేదు.