అద్దె ఇంట్లో వేడినీళ్లు: రాడ్డా, గీజరా?



చలి దేశాల్లో ఇల్లంతా వెచ్చగా ఉంచుకోవడానికి ఖర్చు పెడతారు. మన పెద్దాపురంలో ధనుర్మాసం వచ్చిందంటే కావలసింది నాలుగు బకెట్ల వేడినీళ్లే, అదీ స్కూలు బస్సు వచ్చేలోపు. గోడకు గీజరు బిగించాలంటే ఓనరు గారిని అడగాలి, ఇల్లు మారితే విప్పుకుపోవాలి. అందుకే అద్దె ఇళ్లలో చాలామంది రాడ్డుతో సరిపెట్టుకుంటారు. ఏది చవకో హైస్కూలు పిల్లలు లెక్కగట్టి చెప్పగలరు. సైన్సులో విశిష్టోష్ణం పాఠం ఇదే.

లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 4.2 కిలోజౌళ్లు కావాలి. 15 లీటర్ల బకెట్‌ను 25 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే 15×15×4.2, అంటే 945 కిలోజౌళ్లు. ఒక యూనిట్ కరెంటు 3600 కిలోజౌళ్లు కాబట్టి బకెట్‌కు పావు యూనిట్ పైచిలుకు. నలుగురికి రోజుకు యూనిట్ కాస్త దాటుతుంది. యూనిట్ 6 రూపాయలనుకుంటే నెలకు 190 దాకా.

రాడ్డయినా గీజరయినా ఈ లెక్క దాదాపు ఒకటే. 1500 వాట్ల రాడ్డు పది నిమిషాలు దాటి కాచే నీళ్లను 3000 వాట్ల గీజరు ఐదు నిమిషాల్లో కాస్తుంది. వాట్లు రెట్టింపయితే బిల్లు రెట్టింపు కాదు! బిల్లు పెరిగేది స్టోరేజి గీజరును రాత్రంతా ఆన్‌లో వదిలేసినప్పుడు. దాని మీది స్టార్లు కూడా వేడిని ఎంతసేపు నిలుపుకుంటుందో చూసి ఇచ్చేవే. ఓనరు, మీరు ఒకే మీటరు మీద ఉంటే ఇద్దరి యూనిట్లూ కలిసి పై స్లాబులోకి పోతాయి. ఇల్లు చూసేటప్పుడే విడి మీటరు ఉందో లేదో అడగండి. గీజరు ఏ కంపెనీది అన్నదానికన్నా ఇదే ముఖ్యం.

చిన్నపిల్లలున్న ఇంటికి నా ఓటు మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరుకే. రెండు స్క్రూలు విప్పితే మీ వెంట వచ్చేస్తుంది. అయితే 3000ను 230 వోల్టులతో భాగిస్తే 13 ఆంప్స్. ఎర్తింగ్ ఉన్న 16 ఆంప్స్ సాకెట్ తప్పనిసరి. రాడ్డు కూడా ఆరున్నర ఆంప్స్ లాగుతుంది, మామూలు ఫ్యాను ప్లగ్గుకు అది ఎక్కువే. గ్యాస్ గీజరును మాత్రం బాత్రూం లోపల పెట్టించకండి. తలుపు మూసిన చిన్న గదిలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ చేరితే ప్రాణాలు పోతాయి.

ఈ ఆదివారం మీ అబ్బాయితోనో అమ్మాయితోనో బకెట్ నీళ్లు ఎన్ని నిమిషాల్లో కాగాయో చూసి, యూనిట్లు లెక్కకట్టించండి. రాడ్డు ప్లగ్గు మాత్రం మీరే పెట్టండి. స్విచ్ ఆపి, ప్లగ్గు తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టనివ్వండి. బకెట్ ప్లాస్టిక్‌దే కదా అనుకోకండి, కరెంటు పారేది నీళ్లలోంచి.