మేత వేళ ఏరేటర్ ఆపాలా, ఆడించాలా?

ప్రశ్న: మాది విడవలూరు మండలం. ఎకరన్నర గుంటలో వనామి వేశాం, డెబ్బై రోజులు దాటింది. మేత చల్లే ముందు మా నాయన ఏరేటర్లన్నీ ఆపేస్తాడు. చెక్ ట్రే ఎత్తి చూసిందాకా మళ్లీ వెయ్యనివ్వడు. రాత్రి మేతకూ ఇదే పద్ధతి. టైగర్ రోజుల నుంచి ఇలాగే చేస్తున్నా, ఏమీ కాలేదంటాడు. ఎవరిది రైటు?

జవాబు: ఆపడం వరకు మీ నాయనదే రైటు. అన్నీ ఆపడం, అంతసేపు ఆపడం, అదీ రాత్రిపూట ఆపడం మాత్రం తప్పు.

ఏరేటర్ చక్రాలు గుంట నీటిని గుండ్రంగా తిప్పుతాయి. ఆ తిరుగుడుకు రొయ్యల పెంట, విడిచిన పొట్టు, చచ్చిన పాచి మధ్యకు చేరి నల్ల బురదగా పేరుకుంటాయి. గట్ల వైపు నేల శుభ్రంగా ఉంటుంది కాబట్టి రొయ్యలు ఎక్కువగా అక్కడే మెసులుతాయి. చక్రాలు ఆడుతుండగా చల్లితే మేత కూడా ఆ బురదలోకే కొట్టుకుపోతుంది. రొయ్య చేపలాగా గుటుక్కున మింగదు. గుళికను కాళ్లతో పట్టుకుని కొరుక్కు తింటుంది. దానికి నిలకడగా ఉన్న మేత కావాలి. బురదలో పడ్డ మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది, కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అందుకే ఆపమనేది.

అయితే గుళిక మునిగే రకం, నేల చేరడానికి గంటలు పట్టదు. చల్లడానికి పది నిమిషాల ముందు ఆపండి, నీటి వడి తగ్గాక చల్లండి, అరగంటలో మళ్లీ వేసేయండి. మేత చల్లిన చోటికి దూరంగా ఉన్నవి ముందు వేస్తే మంచిది. ఆపేది మేత కుదురుకోవడానికే గాని, రొయ్య తీరిగ్గా తినడానికి కాదు. తింటున్న రొయ్యకు, తిన్నది అరిగించుకుంటున్న రొయ్యకు ఆక్సిజన్ మామూలుకన్నా ఎక్కువే కావాలి.

మీ నాయన అనుభవాన్ని నేను కొట్టిపారేయను. 1994-95లో తెల్లమచ్చ తెగులు దెబ్బకొట్టకముందు మన తీరంలో టైగర్‌ను చాలాచోట్ల పలచగా వేసేవారు. గంటసేపు చక్రం ఆగినా గుంట ఓర్చుకునేది. 2009లో వనామికి అనుమతి వచ్చాక లెక్క మారింది. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ పెట్టిన పరిమితే చదరపు మీటరుకు 60 పిల్లలు. ఒక హెచ్‌పి ఏరేటర్ 400 నుంచి 500 కిలోల రొయ్యను మోస్తుందని లెక్క. మీ గుంటలో ఇప్పుడు మూడు టన్నులుంటే ఆరేడు హెచ్‌పి ఆడుతూ ఉండాలి. అన్నీ ఆపేస్తే ఏమవుతుందో మీరే చూసుకోండి.

పగలు పాచి ఆక్సిజన్ తయారుచేస్తుంది గనుక కాసేపు ఆపినా ఫరవాలేదు. రాత్రి ఆ పాచే ఆక్సిజన్ తాగుతుంది. తెల్లవారుజామున డిఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) అట్టడుగుకు పోతుంది. అందుకని తొలి మేత పొద్దెక్కాక, మీటరులో 4 దాటిందని చూసుకుని చల్లండి. చివరి మేతను చీకటి పడకముందుకు జరపండి. రాత్రి తప్పదంటే మేత పడే వైపు ఒకటి రెండు ఆపి మిగతావి ఆడనివ్వండి. మబ్బు పట్టిన రోజునా అంతే, ఆ రోజు మేత కూడా తగ్గించండి.

ప్రశ్న: చెక్ ట్రేలో గంటకే మేత ఖాళీ అవుతోంది. అది చూసి మేత పెంచాను. అయినా కౌంట్ కదలడం లేదు. (ఇందుకూరుపేట నుంచి ఒక రైతు)

జవాబు: మీ ట్రే ఏరేటర్ ఎదురుగా ఉందేమో చూడండి. అక్కడైతే మేతను తినేది రొయ్య కాదు, నీటి వడే ఊడ్చేస్తోంది. ట్రేను వడికి పక్కగా, నేలకు ఆనేలా దించండి. ఎత్తేటప్పుడు మెల్లగా లాగండి. ట్రేలోని రొయ్యల పేగు కూడా చూడండి. మేత రంగులో నిండుగా ఉంటే సరే. నల్లగా ఉంటే అడుగు బురద తింటున్నాయి, అంటే మీరు చల్లింది వాటికి అందడం లేదు. ఇది తేలేదాకా పెంచిన మేతను వెనక్కి తగ్గించండి. మేత ధర మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఇంట్లో చిన్న అక్వేరియం ఉంది. గప్పీలకు మేత వేయగానే ఫిల్టర్ లాగేసుకుంటోంది. ఆపవచ్చా? (నెల్లూరు నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: ఆపవచ్చమ్మా, ఐదు పది నిమిషాలు. గాలి బుడగల పంపు ఉంటే దాన్ని ఆడనివ్వు. రెండు మూడు నిమిషాల్లో తినగలిగినంతే, చిటికెడు చొప్పున వెయ్యి. మిగిలింది చిన్న వలతో తీసెయ్. అసలు చిక్కు ఆపడంలో లేదు, మళ్లీ వేయడం మరిచిపోవడంలో ఉంది. అమ్మోనియాను విరిచే మంచి బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలోనే బతుకుతుంది, దానికి పారే నీటిలోని ఆక్సిజనే ఊపిరి. ఫోన్‌లో అలారం పెట్టుకుని ఆపు. పొద్దున ఆపి సాయంత్రం గుర్తొస్తే మాత్రం వెంటనే స్విచ్ వేయకు. లోపల నిలిచిన నీరు పారబోసి, స్పాంజిని తొట్టి నీటిలోనే జాడించి అప్పుడు వెయ్యి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే మిగిలిన బాక్టీరియా కూడా పోతుంది.