పగ మోసేవాడి గుండె



పగలూ కక్షలూ మన పల్నాడుకి కొత్త కాదు. కారంపూడి యుద్ధం కథ మాచవరంలో చిన్నపిల్లలకీ తెలుసు. ఐతే ఒకటి గమనించండి. కోపం వచ్చి పోతుంది. పగ లోపలే కాపురం పెడుతుంది. ఎవర్నీ నమ్మనివ్వదు. బుద్ధుడు చెప్పిన మూడు అకుశల మూలాల్లో లోభం, మోహంతో పాటు ద్వేషం ఒకటి.

దీని ఖరీదు ఒళ్లు కడుతుంది. పగవాడు గుర్తొస్తే చాలు, గుండె వేగం, బీపీ పెరుగుతాయి. పగతో రగిలేవాళ్లు సిగరెట్టు, మందు వైపు కూడా ఎక్కువ పోతారు.

అమెరికాలో 255 మంది వైద్య విద్యార్థుల స్వభావాన్ని పరీక్షించి, 25 ఏళ్ల తర్వాత వాళ్లెలా ఉన్నారో చూశారు. 1983లో ఫలితాలు వచ్చాయి. వైరభావం ఎక్కువున్నవారిలో గుండెజబ్బు నాలుగైదు రెట్లు ఎక్కువ. చావులూ ఎక్కువే. తర్వాతి పరిశోధనలు కొన్నింటిలో ఇంత తేడా కనపడలేదు. అయినా హెచ్చరికగా తీసుకోవాలి.

మరి అన్యాయాన్ని సహించాలా? వద్దు. 1927 మార్చి 20న మహాడ్ చెరువు నీళ్లు తాగినందుకు మనవాళ్లను కొట్టారు. బాబాసాహెబ్ తిరిగి కొట్టొద్దన్నారు. కోర్టులో పోరాడి, 1937లో బొంబాయి హైకోర్టులో గెలిచారు.

రోజూ పడుకునేముందు పది నిమిషాలు మైత్రి భావన చేయండి. మొదట మీకు, తర్వాత ఇంట్లోవాళ్లకి, చివర మీకు గిట్టనివాడికి మేలు కోరండి. బీపీ మాత్ర మానొద్దు. న్యాయం కోసం వేసిన కేసు వదలొద్దు. పగను వదలండి.

నమో బుద్ధాయ!