హెలికాప్టర్ కాళ్లకు గడువెంత?

ఎన్నికలొస్తే బందరు, గుడివాడ, అవనిగడ్డ సభలకు నాయకులు హెలికాప్టర్లలో దిగుతారు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో ఆహార పొట్లాలు జారవిడిచిందీ హెలికాప్టర్లే. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలోనే చనిపోయారు. ఆ ప్రమాద కారణాల జోలికి ఇక్కడ పోవడం లేదు. నేలను తాకే భాగాల గడువు గురించే ఈ ప్రశ్నలు.

బాగానే కనిపిస్తున్న భాగాన్ని ఎందుకు తీసెయ్యాలి?
దిగిన ప్రతిసారీ, నేలపై ఆనే పొడవాటి కమ్ముల్లాంటి స్కిడ్లను పట్టి ఉంచే క్రాస్‌ట్యూబులు, అంటే అడ్డగొట్టాలు, కాస్త వంగి మళ్లీ నిలుస్తాయి. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి పుటుక్కున తెగదూ, అలాగే. కంటికి ఆనని పగులు ఎప్పుడో మొదలవుతుంది. అందుకే పరీక్షల్లో తేలిన ఆయుష్షుకు బాగా ముందే గడువు పెడతారు.

గడువు గంటల్లోనే కదా?
అసలు మెలిక ఇక్కడే ఉంది. రోటర్ భాగాలు చాలావాటికి ఎగిరిన గంటలు లెక్క. నేలను తాకే ల్యాండింగ్ గేర్‌కు తరచుగా ఎన్నిసార్లు దిగిందన్నదే లెక్క. బందరు నుంచి గుడివాడ గాలిలో పావుగంట. రోజంతా సభలు తిరిగిన హెలికాప్టర్ లాగ్‌బుక్‌లో గంటలు కొంచెమే ఉంటాయి, దిగిన సార్లు మాత్రం చాలా. సముద్రంలో చమురు రిగ్గుకు వెళ్లొచ్చేది అన్నే గంటలు ఎగిరినా దిగేది రెండు మూడుసార్లే. "మాది పెద్దగా ఎగరలేదండీ" అని ఆపరేటర్ అంటే, దిగిన లెక్క అడగండి.

ప్రచారం ముగిసేదాకా గడువు పొడిగించుకోవచ్చా?
కుదరదు. కొన్ని తనిఖీలను కాస్త ముందువెనకలు చేసుకునే వెసులుబాటు ఉండొచ్చు గానీ, నియంత్రణ సంస్థ ఆమోదించిన లైఫ్ లిమిట్‌ను ఆపరేటర్ సొంతంగా దాటకూడదు. మన దేశంలో దీన్ని పర్యవేక్షించేది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ. భాగం వాడిన చరిత్ర రికార్డుల్లో చూపలేకపోతే, అది కొత్తదానిలా మెరుస్తున్నా బిగించకూడదు. గడువు తీరినదాన్ని మళ్లీ ఎవరూ వాడకుండా పక్కన పెట్టాలి, లేదా పనికిరాకుండా చెయ్యాలి.

గడువు మిగిలి ఉంటే నిశ్చింతేనా?
కాదు. మన తీరంలో ఉప్పుగాలికి లోహం గుంటలు పడుతుంది, పగులు అక్కడే పుడుతుంది. తుప్పు తనిఖీ వేరు, గడువు వేరు. గట్టిగా కుదేసి దిగితే, ఎంత గడువున్నా తనిఖీ అయ్యాకే మళ్లీ ఎగరాలి.

మామూలు పౌరుడు లెక్క అడగొచ్చా?
సమాచార హక్కు చట్టం 2005 కింద 10 రూపాయల రుసుముతో డీజీసీఏకు దరఖాస్తు పెట్టొచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రైవేటు ఆపరేటర్ల వివరాలైతే సెక్షన్ 8(1)(డి) కింద వ్యాపార రహస్యమని నిరాకరించే వీలుంది. అప్పుడు ప్రజాప్రయోజనం ఏమిటో చూపి అప్పీలు చేసుకోవాలి. ప్రభుత్వమే అద్దెకు తీసుకున్నదైతే, ఒప్పందం చేసుకున్న శాఖనే అడగడం దగ్గరి దారి.